మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కి అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్ కొత్త వెర్షన్ ప్యాకేజీలు బాగానే దిగాయి. సర్వీస్ స్టార్ట్ చేస్తే మాత్రం లేవట్లేదు. లేదంటే లేచి రెండు నిమిషాలకే పడిపోతోంది. ఇలాంటప్పుడు చాలామంది రీస్టార్ట్ కొడతారు, పని చేయకపోతే మళ్లీ కొడతారు, ఆ తర్వాత వెతికితే దొరికిన మొదటి సలహా పట్టుకుని డేటా ఫోల్డర్‌లో ఏదో ఒక ఫైల్ తీసేస్తారు. అప్‌గ్రేడ్ ఫెయిలవడం కన్నా ఈ కంగారే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ అప్‌గ్రేడ్ ఏ దశలో ఆగిందో దాన్ని బట్టే వెనక్కి దారి ఉందో లేదో తేలుతుంది. కొన్ని దశల్లో ఆగితే పాత వెర్షన్ మళ్లీ పెట్టుకుంటే చాలు, డేటాకు ఏమీ కాదు. ఒక గీత దాటాక ఆగితే మాత్రం ముందుకే వెళ్లాలి, లేదా బ్యాకప్ ఎక్కించుకోవాలి. అందుకే రిపేర్ మొదలుపెట్టే ముందు ఆ గీతకు ఏ పక్కన ఉన్నామో తేల్చుకోవాలి. ఈ వ్యాసం మొత్తం ఆ వరసలోనే నడుస్తుంది.

5.7కి సపోర్ట్ 2023 అక్టోబర్‌తో ముగిసింది, చివరి విడుదల 5.7.44. 2018 ఏప్రిల్‌లో వచ్చిన 8.0కి కూడా గడువు 2026 ఏప్రిలే. అలాంటప్పుడు నేరుగా 8.4కి వెళ్లిపోవచ్చు కదా అనిపిస్తుంది, కానీ 5.7 నుంచి 8.4కి ఒకే దూకు కుదరదు. మధ్యలో 8.0 మీద దిగాల్సిందే. అలాగే 5.6 నుంచి నేరుగా 8.0కి రావడం కుదరదు, ముందు 5.7కి రావాలి. మీ అప్‌గ్రేడ్ ఇలా మెట్టు దాటేసి వెళ్లబోయి ఆగి ఉంటే కారణం వెతకనక్కర్లేదు.

ఒక మాట: సెట్టింగులు, కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు వాటి అసలు స్పెల్లింగే వాడాలి.

మొదటి అడుగు: సర్వర్‌ని నిజంగా ఆపండి, కాపీ తీయండి

సర్వీస్ ఫెయిలైందని చూపించినంత మాత్రాన ప్రాసెస్ ఆగిపోయినట్టు కాదు. సర్వీస్ ఫైల్‌లో రీస్టార్ట్ ఆన్ ఫెయిల్యూర్ ఉంటే మీరు లాగ్ చదువుతున్నంత సేపూ సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రాం) దాన్ని మళ్లీ మళ్లీ లేపుతూనే ఉంటుంది. ముందు సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఇవ్వండి. తర్వాత ప్రాసెస్ లిస్ట్‌లో మైఎస్‌క్యూఎల్‌డీ, అంటే సర్వర్ ప్రోగ్రాం, ఎక్కడైనా మిగిలి ఉందేమో చూడండి. పాత 5.7 ప్రాసెస్ ఇంకా బతికే ఉండి, కొత్తది అదే డేటా ఫోల్డర్ మీద లేవబోతే ‘అన్ఏబుల్ టు లాక్ ఐబీడేటా1, ఎర్రర్ 11’ అన్న లైను వస్తుంది. అది చూసి డేటా పాడైందనుకుని హడలిపోయేవాళ్లున్నారు. నిజానికి అది మిమ్మల్ని కాపాడుతున్న తాళం. పాత ప్రాసెస్‌ని మామూలుగా షట్‌డౌన్ చేస్తే సరిపోతుంది, బలవంతంగా చంపే కిల్ మైనస్ నైన్ జోలికి వెళ్లకండి.

సర్వర్ పూర్తిగా ఆగాక, డేటా ఫోల్డర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో కాపీ తీయండి. పాడైన డేటాకు కాపీ ఎందుకు అనొద్దు. ఇక ముందు మీరు చేసే ప్రతి ప్రయత్నం తప్పైతే తిరిగి రావడానికి మిగిలే చోటు ఇదే. సీపీ మైనస్ ఏ గానీ, ఆర్‌సింక్ మైనస్ ఏ గానీ వాడండి, ఓనర్‌షిప్, పర్మిషన్లు అలాగే ఉంటాయి. ఎల్‌వీఎం స్నాప్‌షాట్, క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది, నిమిషాల్లో అయిపోతుంది. డేటా ఫోల్డర్ బయట పెట్టుకున్న టేబుల్‌స్పేస్‌లు (టేబుళ్ల డేటా ఉండే ఫైళ్లు), అన్‌డూ ఫైళ్లు, బిన్‌లాగ్‌లు (మార్పుల చిట్టా ఫైళ్లు) ఏవైనా ఉంటే అవీ కలపండి. కాన్ఫిగ్ ఫోల్డర్, ఎర్రర్ లాగ్ కూడా పక్కన పెట్టుకోండి.

కాపీ జరుగుతున్నంతలో ఇంకో ప్రశ్నకు జవాబు సంపాదించండి: అప్‌గ్రేడ్‌కి ముందు తీసిన బ్యాకప్ ఎక్కడుంది, దాన్ని ఎప్పుడైనా ఎవరైనా రీస్టోర్ చేసి చూశారా? జవాబు ‘ఉండే ఉంటుంది’ అయితే, లేనట్టే లెక్కేసుకుని ప్రతి అడుగూ ఆచితూచి వేయండి.

రెండో అడుగు: లాగ్‌ని సరైన చోట నుంచి చదవండి

ఉబుంటు, డెబియన్‌లలో ఎర్రర్ లాగ్ సాధారణంగా వార్ కింద లాగ్ ఫోల్డర్‌లో, మైఎస్‌క్యూఎల్ అనే సబ్‌ఫోల్డర్‌లో ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో వార్ లాగ్‌లోనే మైఎస్‌క్యూఎల్‌డీ డాట్ లాగ్ అనే ఫైల్. అందులో ఏమీ లేకపోతే సిస్టమ్‌డీ లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ చూడండి. కాన్ఫిగ్ ఫైల్ చదివేటప్పుడే సర్వర్ తట్టుకుని పడితే, ఎర్రర్ లాగ్ ఎక్కడుందో దానికి అప్పటికింకా తెలియకపోవచ్చు, ఆ సందేశం జర్నల్‌లోకే వెళుతుంది.

లాగ్‌లో చివరి ఎర్రర్ లైను దాదాపు ఎప్పుడూ ‘అబార్టింగ్’ అనే ఉంటుంది. దాని పైన ‘డేటా డిక్షనరీ ఇనీషియలైజేషన్ ఫెయిల్డ్’ అని ఉంటుంది. ఈ రెండూ ఫలితాలే తప్ప కారణాలు కావు. వీటిని కాపీ చేసి వెతికితే మీకు సంబంధం లేని వంద సమాధానాలు దొరుకుతాయి. చేయాల్సింది ఏంటంటే, చివరిసారి సర్వర్ స్టార్ట్ అయిన లైను దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి కిందికి చదువుతూ ‘ఎర్రర్’ అన్న మాట మొదటిసారి ఎక్కడ కనిపిస్తుందో చూడటం. కారణం ఎక్కువగా ఆ మొదటి ఎర్రర్‌లోనే ఉంటుంది. రీస్టార్ట్‌లు చాలాసార్లు కొట్టి ఉంటే అదే లాగ్‌లో పాత ప్రయత్నాలూ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి టైమ్‌స్టాంప్ చూసుకోండి. మొట్టమొదటి ప్రయత్నంలో వచ్చిన ఎర్రర్ ఒకటి, ఐదో ప్రయత్నంలో వచ్చింది ఇంకొకటి అయితే, నాకైతే మొదటిదాని మీదే ఎక్కువ నమ్మకం.

లాగ్ మరీ పొదుపుగా మాట్లాడుతుంటే ఎర్రర్ వెర్బాసిటీ 3కి పెంచి, సర్వర్‌ని చేత్తో ఒకసారి నడిపి చూడొచ్చు. అలా నడిపేటప్పుడు మైఎస్‌క్యూఎల్ యూజర్‌గానే నడపండి. రూట్‌తో నడిపితే కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీద తయారై, తర్వాత పర్మిషన్ ఎర్రర్ అనే ఇంకో కొత్త తలనొప్పి మొదలవుతుంది.

మూడో అడుగు: ఎక్కడ ఆగిందో తేల్చుకోండి

8.0లో పెద్ద మార్పు డేటా డిక్షనరీ. 5.7లో ప్రతి టేబుల్ నిర్మాణం ఎఫ్‌ఆర్‌ఎం అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న ఫైల్‌లో ఉండేది. 8.0 వాటన్నిటినీ చదివి, ఇన్నోడీబీ (టేబుళ్లను డిస్క్ మీద దాచే ఇంజిన్) లోపలే ఉండే డిక్షనరీ టేబుళ్లలోకి మార్చేస్తుంది. ఆ టేబుళ్లు మైఎస్‌క్యూఎల్ డాట్ ఐబీడీ అనే ఫైల్‌లో ఉంటాయి. పైన చెప్పిన గీత ఈ మార్పిడే.

మార్పిడి మొదలుకాక ముందే సర్వర్ పడిపోతే డేటాని ఎవరూ ముట్టుకోనట్టే. మార్పిడి జరుగుతుండగా తప్పు దొరికితే సర్వర్ తనంతట తానే చేసినవన్నీ వెనక్కి తీసేస్తుంది. మార్పిడి పూర్తయ్యాక ఆగితే 5.7కి తిరుగు దారి లేదు. మీరు ఎటువైపు ఉన్నారో తెలియాలంటే రెండు గుర్తులు చూడండి: డేటాబేస్ ఫోల్డర్లలో టేబుళ్ల పక్కన ఎఫ్‌ఆర్‌ఎం ఫైళ్లు ఇంకా ఉన్నాయా, లాగ్‌లో ‘సర్వర్ అప్‌గ్రేడ్ స్టార్టెడ్’ అన్న లైను వచ్చిందా. ఎఫ్‌ఆర్‌ఎం ఫైళ్లు ఉండి, ఆ లైను రాకపోతే మీరింకా ఇవతలి ఒడ్డునే ఉన్నారు.

ప్యాకేజీ దగ్గరే ఆగితే

ఇది అన్నిటికన్నా తేలిక. ఉబుంటు 18.04లో 5.7 ఉంటుంది, 20.04లో 8.0 ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేస్తే డేటాబేస్ కూడా చెప్పాపెట్టకుండా పెద్ద వెర్షన్ మారిపోతుందన్నమాట. అక్కడ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌కి ఏదైనా తేడాగా అనిపిస్తే ఈటీసీ కింద మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో ‘ఫ్రోజెన్’ అనే పేరుతో ఒక ఫైల్ పెట్టి ఆగిపోతుంది. కారణం అందులోనే రాసి ఉంటుంది. చదివి, సమస్య సరిచేసి, ఆ ఫైల్ తీసేసి, డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ ఇవ్వాలి. కారణం చదవకుండా ఆ ఫైల్ మాత్రం తీసేయడం, సర్వర్‌ని బలవంతంగా గీత దాటించడమే అవుతుంది.

క్లయింట్ 8.0, సర్వర్ 5.7గా సగం సగం ఎక్కిన సందర్భాలూ ఉంటాయి. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల లిస్ట్ ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

కాన్ఫిగ్ ఫైల్ దగ్గర ఆగితే

సర్వర్ ఒక్క సెకనులో పడిపోతుంటే అనుమానం మొదట ఇక్కడే. 5.7లో నడిచిన కొన్ని సెట్టింగులు 8.0లో అసలు లేవు. తెలియని సెట్టింగ్ కనిపిస్తే సర్వర్ ‘అన్‌నోన్ వేరియబుల్’ అని చెప్పి ఆగిపోతుంది. తరచూ తగిలేవి:

- క్వెరీ క్యాష్ సెట్టింగులు అన్నీ, అంటే క్వెరీ_క్యాష్_సైజ్, క్వెరీ_క్యాష్_టైప్, క్వెరీ_క్యాష్_లిమిట్. 8.0లో క్వెరీ క్యాష్ అనేదే తీసేశారు.
- ఇన్నోడీబీ_ఫైల్_ఫార్మాట్, ఇన్నోడీబీ_లార్జ్_ప్రిఫిక్స్. తీసేయొచ్చు, వాటి పని ఇప్పుడు మామూలుగానే జరుగుతుంది.
- లాగ్_వార్నింగ్స్. దీని బదులు లాగ్_ఎర్రర్_వెర్బాసిటీ.
- టీఎక్స్_ఐసొలేషన్. దీని బదులు ట్రాన్సాక్షన్_ఐసొలేషన్.
- ఎస్‌క్యూఎల్_మోడ్ విలువలో నో_ఆటో_క్రియేట్_యూజర్. సెట్టింగ్ పేరు సరైనదే, దాని విలువలో ఈ ఒక్క ముక్క చెల్లదు. చాలా పాత కాన్ఫిగ్ ఫైళ్లలో ఇది పొడవాటి లైను మధ్యలో దాక్కుని ఉంటుంది.

ఒక్కొక్కటి తీసేసి సర్వర్‌ని లేపి చూడటం కన్నా మంచి పద్ధతి ఉంది. 8.0.16 నుంచి మైఎస్‌క్యూఎల్‌డీకి వ్యాలిడేట్ కాన్ఫిగ్ అనే ఆప్షన్ వచ్చింది. సర్వర్‌ని లేపకుండా, డేటాని ముట్టుకోకుండా కాన్ఫిగ్ మాత్రమే సరిచూస్తుంది. మొదటి తప్పు దొరకగానే ఆగిపోతుంది కాబట్టి, సరిచేసి మళ్లీ నడపాలి. ఏమీ మాట్లాడకుండా ముగిస్తే కాన్ఫిగ్ సరిగ్గా ఉన్నట్టు.

కాన్ఫిగ్ ఒకే ఫైల్‌లో ఉండదని గుర్తుంచుకోండి. ఎప్పుడో ఎవరో ట్యూనింగ్ కోసం కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో పెట్టి మర్చిపోయిన చిన్న ఫైల్ అడ్డం పడటం మామూలే. మై_ప్రింట్_డిఫాల్ట్స్ కమాండ్‌కి మైఎస్‌క్యూఎల్‌డీ అన్న గ్రూపు పేరిస్తే సర్వర్ కంటికి అన్ని ఫైళ్లూ కలిసి ఎలా కనిపిస్తున్నాయో చూపిస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కేసు. సర్వర్ చక్కగా లేచింది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, లోపలికెళ్లి చూస్తే మీ డేటాబేస్‌లు ఒక్కటీ లేవు! చూసినవాళ్లకి ఒళ్లు చల్లబడుతుంది. డేటా ఎక్కడికీ పోలేదు. ప్యాకేజీ ఎక్కేటప్పుడు ‘మీ కాన్ఫిగ్ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా’ అని డీపీకేజీ అడిగినప్పుడు ఎవరో కొత్తదానికి సరే అన్నారు. మీ డేటా వేరే డిస్క్ మీద ఉంటే, ఆ డేటాడిర్ (డేటా ఫోల్డర్ దారి) లైను కాస్తా పాత ఫైల్‌తో పాటు పోయింది. సర్వర్ డిఫాల్ట్ ఫోల్డర్‌లో కొత్త ఖాళీ డేటాబేస్ తయారు చేసుకుని హాయిగా కూర్చుంది. పాత లైను తిరిగి పెట్టండి. అదే పనిగా లోయర్_కేస్_టేబుల్_నేమ్స్ విలువ కూడా పాత ఫైల్‌లో ఎంతుందో చూడండి. 8.0లో డిక్షనరీ తయారైన క్షణంలో ఈ విలువ ఎంతుంటే ఎప్పటికీ అంతే, తర్వాత మార్చడం కుదరదు. మార్చబోతే సర్వర్ విలువ, డిక్షనరీ విలువ వేరువేరుగా ఉన్నాయంటూ లేవడానికే మొరాయిస్తుంది. ఇది గీత దాటకముందే చూసుకోవాల్సిన సెట్టింగ్.

డేటా ఫోల్డర్ మామూలు చోట లేనివాళ్లకి ఇంకో చిక్కు: యాప్‌ఆర్మర్, లేదా ఎస్‌ఈలైనక్స్, అంటే ఏ ప్రోగ్రాం ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో నియంత్రించే లైనక్స్ భద్రతా పొరలు. ఫైల్ పర్మిషన్లు అన్నీ సరిగ్గానే ఉన్నా ఎర్రర్ 13 వస్తోందంటే కెర్నల్ లాగ్‌లో గానీ, ఆడిట్ లాగ్‌లో గానీ ‘డినైడ్’ అన్న మాట కోసం చూడండి. ఎర్రర్ 28 అయితే డిస్క్ నిండిందని అర్థం.

రీడూ లాగ్ దగ్గర ఆగితే

‘అప్‌గ్రేడ్ ఆఫ్టర్ ఎ క్రాష్ ఈజ్ నాట్ సపోర్టెడ్’ అని లాగ్‌లో కనిపిస్తే 5.7 శుభ్రంగా ఆగలేదన్నమాట. దాని రీడూ లాగ్‌లో ఇంకా డిస్క్ ఫైళ్లలోకి ఎక్కని మార్పులు మిగిలి ఉన్నాయి. 8.0కి 5.7 రాసిన ఆ మార్పులను చదివి పూర్తి చేయడం రాదు.

ఇక్కడ రీడూ లాగ్ ఫైళ్లు తీసేయమన్న సలహా ఎక్కడైనా కనిపిస్తే పట్టించుకోకండి. ఆ ఫైళ్లలో ఉన్నవి కమిట్ అయిన ట్రాన్సాక్షన్లు. తీసేస్తే అవి పోతాయి, టేబుళ్లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా మిగులుతాయి. సరైన పద్ధతి:

1. 5.7 బైనరీలు తిరిగి పెట్టి, అదే డేటా ఫోల్డర్ మీద 5.7ని లేపండి. అది తన క్రాష్ రికవరీ తాను చేసుకుంటుంది.
2. ఎక్స్‌ఏ రికవర్ అని అడిగి చూడండి. ప్రిపేర్ స్థితిలో ఆగిపోయిన ఎక్స్‌ఏ ట్రాన్సాక్షన్లు (ఒకటికన్నా ఎక్కువ సిస్టమ్‌ల మీద కలిసి నడిచేవి) ఉంటే కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ చేసి తేల్చేయండి.
3. ఇన్నోడీబీ_ఫాస్ట్_షట్‌డౌన్ విలువ సున్నా చేసి సర్వర్‌ని ఆపండి. దీన్నే స్లో షట్‌డౌన్ అంటారు. పెద్ద డేటాబేస్‌లో ఇది చాలాసేపు పట్టొచ్చు, మధ్యలో చంపకండి.
4. సర్వర్ ఆగాక లాగ్ చివర ‘షట్‌డౌన్ కంప్లీట్’ వచ్చిందో లేదో చూసి, అప్పుడు 8.0కి వెళ్లండి.

ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఏది పని చేయకపోయినా దీన్ని 6 పెట్టమని చెప్పేవాళ్లు దొరుకుతారు. 4, ఆపై విలువలు డేటాని శాశ్వతంగా పాడుచేయగలవు. అది పాడైన డేటాబేస్ నుంచి దొరికినంత డంప్ తీసుకుని బయటపడటానికి ఉన్న సాధనం, అప్‌గ్రేడ్ చేయించే మంత్రం కాదు.

డిక్షనరీ మార్పిడిలో ఆగితే

నిజమైన డిటెక్టివ్ పని ఇక్కడే ఉంటుంది. 8.0 మీ టేబుళ్లు, వ్యూలు, ట్రిగ్గర్లు, స్టోర్డ్ ప్రొసీజర్లు అన్నీ ఒక్కొక్కటిగా చదివి కొత్త డిక్షనరీలో రాస్తుంది. 5.7లో ఏళ్ల తరబడి కిమ్మనకుండా పడి ఉన్న చెత్త అంతా ఈ ఒక్క రాత్రి బయటపడుతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. లాగ్‌లో ‘ఫెయిల్డ్ టు పాపులేట్ డీడీ టేబుల్స్’ అని ఉంది. కాస్త పైకెళితే ‘ఎర్రర్ ఇన్ పార్సింగ్ రొటీన్’ అని, పక్కన ఒక ప్రొసీజర్ పేరు, దాని వెనకే సింటాక్స్ ఎర్రర్ ‘ర్యాంక్’ అన్న మాట దగ్గర ఉందని కనిపిస్తుంది. ఆ ప్రొసీజర్ రాసినాయన మార్కుల టేబుల్‌లో ఒక కాలమ్‌కి ర్యాంక్ అని పేరు పెట్టి, కొటేషన్ లేకుండా వాడాడు. 5.7లో అది మామూలు పేరే. 8.0లో విండో ఫంక్షన్లు వచ్చాయి కాబట్టి ర్యాంక్ రిజర్వ్‌డ్ పదం అయిపోయింది. గ్రూప్స్, సిస్టమ్, విండో, ఓవర్, రో_నంబర్ కూడా ఈ జాబితాలోవే. వీటిలో గ్రూప్స్ మరీ ప్రమాదం, యూజర్ల గ్రూపులకి ఆ పేరుతో టేబుల్ పెట్టని అప్లికేషన్ తక్కువ. పరిష్కారం: 5.7కి తిరిగొచ్చి, ఆ ప్రొసీజర్‌లో పేరు చుట్టూ బ్యాక్‌టిక్‌లు పెట్టి మళ్లీ సృష్టించడం. ఆ ప్రొసీజర్‌ని ఎవరూ వాడటం లేదని తేలితే డ్రాప్ చేసేయడం ఇంకా తేలిక. డ్రాప్ చేసే ముందు షో క్రియేట్ ప్రొసీజర్ ఔట్‌పుట్ దాచుకోండి.

ఇదే కోవలో గ్రూప్ బై వెనక ఏఎస్‌సీ, డీఎస్‌సీ పెట్టి రాసిన ప్రొసీజర్లు, ట్రిగ్గర్లు. ఆ రాత పద్ధతిని 8.0.13లో తీసేశారు. దాని బదులు ఆర్డర్ బై విడిగా రాయాలి.

మిగతావి త్వరగా: 64 అక్షరాలు దాటిన ఫారిన్ కీ పేర్లు, మైఐసామ్ లాంటి ఇంజిన్లలో పార్టిషన్ చేసిన టేబుళ్లు (వీటిని ముందే ఇన్నోడీబీకి మార్చాలి), షేర్డ్ టేబుల్‌స్పేస్‌లో ఉన్న పార్టిషన్లు, ఎప్పుడో మధ్యలో ఆగిన ఆల్టర్ టేబుల్ వదిలేసిన, హ్యాష్ ఎస్‌క్యూఎల్ అని మొదలయ్యే అనాథ ఫైళ్లు. చివరివి కనిపించగానే ఆర్‌ఎం కొట్టేయకండి. 5.7లో ఇన్నోడీబీ వాటి గురించి ఇంకా గుర్తుపెట్టుకుని ఉంటుంది, డ్రాప్ టేబుల్ ద్వారానే తీయాలి.

ఈ దశలో ఫెయిలైనప్పుడు సర్వర్ తన మార్పులన్నీ వెనక్కి తీసేస్తుందని చెప్పాను కదా. కానీ రీడూ లాగ్ ఫైళ్లు మాత్రం అప్పటికే 8.0 ఫార్మాట్‌లో ఉండొచ్చు, వాటితో 5.7 లేవదు. అందుకని ఈ ఒక్క సందర్భంలో, ఐబీ_లాగ్‌ఫైల్ అని మొదలయ్యే ఫైళ్లు పక్కకి జరిపి 5.7ని స్టార్ట్ చేయమని మైఎస్‌క్యూఎల్ మాన్యువలే చెబుతుంది. 8.0.30, ఆపై వెర్షన్లయితే రీడూ లాగ్‌లు డేటా ఫోల్డర్‌లో హ్యాష్ ఇన్నోడీబీ_రీడూ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, దాన్నీ పక్కకి తీయాలి. షరతు ఏంటంటే, అప్‌గ్రేడ్‌కి ముందు 5.7 శుభ్రంగా ఆగి ఉండాలి. పై విభాగంలో వద్దన్నదాన్ని ఇక్కడ చేయమంటున్నాను, తేడా అంతా ఆ షట్‌డౌన్‌లోనే ఉంది. స్లో షట్‌డౌన్ తర్వాత తీసిన కోల్డ్ కాపీ మీ దగ్గర ఉంటే ఈ గొడవేమీ వద్దు, ప్రయత్నించిన ఫోల్డర్‌ని పక్కనపెట్టి ఆ కాపీతోనే 5.7 లేపండి. రెండు దారులూ ఉన్నప్పుడు నేను ఎప్పుడూ రెండోదే ఎంచుకుంటాను.

మార్పిడి జరుగుతుండగా కరెంటు పోయినా, ఎవరైనా ప్రాసెస్‌ని చంపినా, తర్వాతి స్టార్ట్‌లో ‘ఫౌండ్ పార్షియల్లీ అప్‌గ్రేడెడ్ డీడీ’ అన్న లైను వస్తుంది. దాని తర్వాతి వాక్యం జాగ్రత్తగా చదవండి. సగం తయారైన డిక్షనరీని తీసేశాను, మళ్లీ మొదలుపెట్టు అంటోందా, లేక అప్‌గ్రేడ్ కొనసాగిస్తున్నాను అంటోందా అన్నది అందులోనే ఉంటుంది.

ప్రాసెస్‌ని చంపేది మనుషులే కానక్కర్లేదు. సిస్టమ్‌డీ డిఫాల్ట్ స్టార్ట్ టైమౌట్ 90 సెకన్లు. సర్వీస్ ఫైల్‌లో వేరే విలువ లేకపోతే, వేల టేబుళ్లున్న సర్వర్ ఇంకా పనిలో ఉండగానే అది చంపేస్తుంది. జర్నల్‌లో ‘టైమ్డ్ అవుట్’ కనిపిస్తే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో టైమౌట్‌ని ఇన్ఫినిటీ చేసి మళ్లీ మొదలుపెట్టండి. లాగ్ కదలడం లేదని టెన్షన్ పడకండి, డిస్క్ రీడ్ రైట్లు జరుగుతున్నాయంటే పని జరుగుతోందనే.

గీత దాటాక ఆగితే

డిక్షనరీ పూర్తయ్యాక సర్వర్ సిస్టమ్ టేబుళ్లను, సిస్ స్కీమాను కొత్త రూపంలోకి మారుస్తుంది. 8.0.16కి ముందు ఈ పని మైఎస్‌క్యూఎల్_అప్‌గ్రేడ్ అనే వేరే కమాండ్‌తో చేయాల్సి వచ్చేది. ఇప్పుడు సర్వరే చేసుకుంటుంది. ఇక్కడ ఆగడం అరుదు, ఆగితే కారణాలు ఎక్కువగా మామూలువే: డిస్క్ నిండటం, సిస్టమ్ టేబుళ్లలో ఎవరో చేత్తో చేసిన మార్పులు. కారణం తీసేసి, సర్వర్‌ని అప్‌గ్రేడ్ ఆప్షన్ ఫోర్స్ విలువతో ఒకసారి లేపండి. అన్నీ మొదటి నుంచి సరిచూస్తుంది. అది కూడా పడిపోతుంటే, లోపలికి వెళ్లి చూడటానికి మినిమల్ విలువ పనికొస్తుంది, సిస్టమ్ టేబుళ్ల మార్పు వదిలేసి సర్వర్‌ని లేపుతుంది. అలాగే వదిలేసి నడపడానికి కాదు.

ఒక్కోసారి తప్పు మీ డేటాలో కాదు, మీరు ఎంచుకున్న వెర్షన్‌లోనే ఉంటుంది. 8.0.29ని ఇన్నోడీబీలో తీవ్రమైన లోపం వల్ల డౌన్‌లోడ్ పేజీ నుంచి తీసేశారు. 2024లో వచ్చిన 8.0.38 కూడా, వేల సంఖ్యలో టేబుళ్లున్న సర్వర్లు రీస్టార్ట్‌లో క్రాష్ అవుతున్నాయని తేలడంతో వెనక్కి పోయింది, వెంటనే 8.0.39 వచ్చింది. మీ సొంత రిపోలో ఈ పాత ప్యాకేజీలు ఉన్నాయేమో చూడండి. 8.0లో చిన్న వెర్షన్ నుంచి కూడా వెనక్కి దిగడం కుదరదు కాబట్టి, ఇలాంటప్పుడు మందు పైవెర్షనే.

సర్వర్ లేచింది, అప్లికేషన్ లేవలేదు

పాత యూజర్లు తమ పాత పాస్‌వర్డ్ పద్ధతితోనే ఉంటారు. కొత్తగా సృష్టించిన యూజర్లకి మాత్రం డిఫాల్ట్‌గా క్యాషింగ్_షా2_పాస్‌వర్డ్ వస్తుంది. పాత డ్రైవర్లకు అది తెలియదు, ప్లగిన్ లోడ్ చేయలేకపోయానంటాయి. జావా వాళ్లకి ‘పబ్లిక్ కీ రిట్రీవల్ ఈజ్ నాట్ అలౌడ్’ అని వస్తుంది. డ్రైవర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చి, కనెక్షన్‌కి టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ పెట్టడం సరైన పరిష్కారం. ఈ రాత్రికి గట్టెక్కాలంటే ఆ ఒక్క యూజర్‌ని మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్‌కి మార్చండి, సర్వర్ మొత్తానికి కాదు.

‘సర్వర్ సెంట్ క్యారెక్టర్‌సెట్ 255 అన్‌నోన్ టు ది క్లయింట్’ అన్నది మరో ప్రసిద్ధ ఎర్రర్. 8.0 డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 నుంచి యూటీఎఫ్8ఎంబీ4కి మారింది, దాని కొత్త కొల్లేషన్ (అక్షరాలను పోల్చి వరసపెట్టే నియమం) నంబరు 255. పాత పీహెచ్‌పీ లైబ్రరీలకి ఆ నంబరు తెలియదు. అదే మార్పు వల్ల కొత్త టేబుళ్లకీ పాత టేబుళ్లకీ జాయిన్ చేస్తే ‘ఇల్లీగల్ మిక్స్ ఆఫ్ కొల్లేషన్స్’ వస్తుంది. కాన్ఫిగ్‌లో క్యారెక్టర్ సెట్, కొల్లేషన్ రెండూ మీ పాత విలువలతో స్పష్టంగా రాసేయండి, మార్పిడి సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

గ్రాంట్ స్టేట్‌మెంట్‌లోనే ఐడెంటిఫైడ్ బై పెట్టి యూజర్లను సృష్టించే పాత స్క్రిప్టులు, పాస్‌వర్డ్ ఫంక్షన్ వాడేవి కూడా ఇప్పుడు ఆగిపోతాయి. ఎర్రర్ రాని తేడా ఇంకోటుంది: 5.7లో గ్రూప్ బై రాస్తే ఫలితాలు ఆ వరసలోనే సర్దుకుని వచ్చేవి, 8.0లో రావు. రిపోర్టుల్లో వరస తారుమారైందని ఫోన్ వస్తే ఆర్డర్ బై లేని క్వెరీలు వెతకండి.

క్వెరీలు నెమ్మదిస్తే ముందు పెద్ద టేబుళ్ల మీద అనలైజ్ టేబుల్ నడపండి, తర్వాత ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చూడండి (8.0.18 నుంచి ఉంది). ఇక, 8.0లో బిన్‌లాగ్ డిఫాల్ట్‌గా ఆన్, 30 రోజులు దాచుతుంది. 5.7లో బిన్‌లాగ్ లేకుండా నడిపినవాళ్ల డిస్క్ కొన్నాళ్లకి నిండుతుంది. అప్‌గ్రేడ్ అయిన రోజే ఆ గడువు తగ్గించండి, లేదా అవసరం లేకపోతే ఆపేయండి.

రెండో ప్రయత్నానికి ముందు

మైఎస్‌క్యూఎల్ షెల్‌లో చెక్ ఫర్ సర్వర్ అప్‌గ్రేడ్ అనే ఫంక్షన్ ఉంది. నడుస్తున్న 5.7 సర్వర్ మీద నడిపితే పైన చెప్పిన వాటిలో చాలా వరకు జాబితాగా ఇచ్చేస్తుంది. వెళ్లబోయే వెర్షన్‌తో పాటు కాన్ఫిగ్ ఫైల్ దారి కూడా ఇవ్వండి, ఇవ్వకపోతే తీసేసిన సెట్టింగులను అది పట్టుకోలేదు. అప్లికేషన్ కోడ్‌లో ఉన్న క్వెరీలను మాత్రం అది చూడదు, అవి మీరే వెతుక్కోవాలి.

తర్వాత బ్యాకప్‌ని వేరే మెషిన్ మీద ఎక్కించి అక్కడే అప్‌గ్రేడ్ మొత్తం నడపండి. బ్యాకప్ పని చేస్తుందో లేదో, ఎంతసేపు పడుతుందో ఒకే దెబ్బకు తేలతాయి. రెప్లికా (సోర్స్ అనే అసలు సర్వర్ మార్పులను అనుసరించే కాపీ సర్వర్) ఉన్నవాళ్లు ముందు రెప్లికానే 8.0కి మార్చాలి. 5.7 సోర్స్ కింద 8.0 రెప్లికా నడుస్తుంది, తిరగేసి పెట్టడానికి సపోర్ట్ లేదు.

అసలు సర్వర్ మీద మళ్లీ చేసేటప్పుడు, 8.0 లేచాక అప్లికేషన్ రాతలు వెంటనే తెరవకండి. ఒక్కసారి కొత్త ఆర్డర్లు, కొత్త రికార్డులు పడ్డాయంటే పాత బ్యాకప్‌కి వెళ్లడం అంటే వాటిని వదులుకోవడమే, 8.0 నుంచి తీసిన డంప్‌ని 5.7 కొత్త కొల్లేషన్ పేర్ల దగ్గరే తిప్పికొడుతుంది. చూడాల్సిన పేజీలు, రిపోర్టులు, రాత్రి జాబ్‌లు ఏవో ముందే రాసిపెట్టుకుని, అవన్నీ రీడ్ ఓన్లీలో పరీక్షించాకే రాతలు తెరవండి. వెనక్కి వెళ్లాలన్న నిర్ణయం ఏ గంటలోపు తీసుకోవాలో, ఎవరు తీసుకోవాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. రీస్టోర్‌కి ఎంతసేపు పడుతుందో రిహార్సల్‌లో తేలింది కాబట్టి, పొద్దున పని మొదలయ్యే టైమ్ నుంచి అంతసేపు వెనక్కి లెక్కేస్తే ఆ గంట వస్తుంది.

8.0 మీద కొన్ని వారాలు నిలకడగా నడిచాక 8.4 వైపు చూడొచ్చు. అక్కడ మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్ ప్లగిన్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, 9.0లో పూర్తిగా తీసేశారు. ఈ రాత్రి గట్టెక్కడం కోసం ఆ పద్ధతిలో ఉంచేసిన యూజర్ల పేర్లు ఒకచోట రాసిపెట్టుకోండి.